ఉగ్గుగిన్నెతో ఆరు వారాలు

ఆపరేషన్ అయిన మర్నాడు మా అమ్మ పార్వతీపురం నుంచి విశాఖ ఆసుపత్రికి వచ్చింది. చేతిసంచిలోంచి ముందు బయటికి తీసింది పండ్లు కాదు, మా ఇంటి ఉగ్గుగిన్నె. వెండిది. నాకూ, తమ్ముడికీ, ఆ తరవాత మా పాపకూ దాంతోనే ఉగ్గు పట్టారు. ముక్కు అంచున చిన్న సొట్ట ఉంది, పళ్లొచ్చే రోజుల్లో నేను కొరికిందే. "గుక్కెడు గుక్కెడే తాగాలని ఫోన్లో చెప్పావు కదే, గ్లాసుతో అయితే ఒలికిపోద్ది" అంది. నర్సు నవ్వి, మందు సీసా మూతతో కొలిచింది. పదిహేను మిల్లీల మూతలు రెండు పట్టాయి. అంటే 30 మిల్లీలీటర్లు. సరిగ్గా నన్ను ఒక్కసారికి తాగమన్న కొలతే.

నాకు 43 ఏళ్లు. ఒడిశాలోని రాయగడలో మా ఆయనా నేనూ టిఫిన్ సెంటర్ నడుపుతాం. 2024 మే 21న నాకు స్లీవ్ ఆపరేషన్, అంటే బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్, జరిగింది. ఆ తరవాతి ఆరు వారాలు ఎలా గడిచాయో రాస్తున్నాను. ఆపరేషన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. ఇంటికొచ్చాక రోజులు ఎలా ఉంటాయో మన భాషలో చెప్పినవాళ్లు మాత్రం నాకు దొరకలేదు.

ఆపరేషన్‌కి ముందు నా బరువు 112 కిలోలు, ఎత్తు ఐదడుగుల అంగుళం. షుగర్ తొమ్మిదేళ్లుగా ఉంది. రెండు రకాల మాత్రలు, వాటి మీద రాత్రికి ఇన్సులిన్. బీపీ, మోకాళ్ల నొప్పులు. నిద్రలో ఊపిరి ఆగిపోతుందని రాత్రిపూట ముక్కుకి మెషిన్ పెట్టుకునేదాన్ని. ఇది కొవ్వు తీసే ఆపరేషన్ అని మా వీధిలో చాలామంది అనుకున్నారు. కాదు. పొట్ట మీది కొవ్వు ముట్టుకోరు. జీర్ణాశయంలో దాదాపు ముప్పావు భాగానికి పైనే కత్తిరించి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత సన్నని గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే. అందుకే మొదట్లో ఆకలి బాగా తగ్గిపోతుంది.

ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచే ద్రవాహారం పెట్టారు. కాలేయంలో కొవ్వు తగ్గి అది కాస్త చిన్నదైతే డాక్టర్లకు లోపల చోటు దొరుకుతుందట. మే 13న ఓటు వేయడానికి క్యూలో నిలబడ్డప్పుడు నా చేతిలో ఓటరు కార్డు, ప్రోటీన్ పాల సీసా రెండూ ఉన్నాయి. ఆపరేషన్ రోజుకి 108కి దిగాను.

ఆసుపత్రిలో గడిపిన మూడు రోజుల గురించి ఎక్కువ చెప్పను. పొట్ట మీద ఐదు చిన్న గాట్లు. వాటి నొప్పికన్నా కుడి భుజం నొప్పి నన్ను ఎక్కువ ఏడిపించింది. గుండె జబ్బేమో అని భయపడ్డాను. పొట్ట ఉబ్బించడానికి లోపల నింపిన గ్యాస్ కొంత మిగిలిపోయి, ఊపిరితిత్తుల కింది పొరని నొక్కుతుందనీ, ఆ నొప్పి భుజంలో తెలుస్తుందనీ సిస్టర్ చెప్పింది. నడిస్తేనే పోతుంది. ఆపరేషన్ అయిన ఆరు గంటలకే లేపి నడిపించారు. మర్నాడు నీలం రంగు కలిపిన నీళ్లు తాగించి, పక్కనున్న గొట్టంలోకి నీలం దిగుతుందేమో చూశారు. దిగలేదు. అంటే కుట్టు దగ్గర లీకు లేదని. ఆ సంగతి చెప్పాకే మా ఆయన వెళ్లి టీ తాగి వచ్చారు.

డిశ్చార్జ్ చేశాక వెంటనే రాయగడ వెళ్లొద్దన్నారు. లీకు అనేది ఉంటే ఇంటికెళ్లిన మొదటి వారం పది రోజుల్లోనే బయటపడే అవకాశం ఎక్కువట. జ్వరం, ఆయాసం, తగ్గని పొట్టనొప్పి, నాడి నిమిషానికి 120 దాటడం, వీటిలో ఏది కనిపించినా గంట కూడా ఆగకుండా రమ్మన్నారు. అందుకని గోపాలపట్నంలో మా పెదనాన్నగారి అమ్మాయి ఇంట్లో వారం ఉన్నాను. అప్ప నన్ను చంటిపిల్లలా చూసుకుంది. రోజుకి మూడుసార్లు వేలికి ఆక్సీమీటర్ పెట్టి నాడి ఎంతుందో క్యాలెండర్ మీద రాసేది. పొట్ట మీద వేసే ఇంజెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా వాడేది, అదే నేర్చుకుని వేసింది.

ఇక్కడ షుగర్ సంగతి చెప్పాలి. బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, ఐదో రోజు పరగడుపున 118 వచ్చింది. తొమ్మిదేళ్లలో నేను చూడని అంకె అది. ఇన్సులిన్ ఆపేశారు, షుగర్ పడిపోయేలా చేసే మాత్ర కూడా ఆపేశారు. ఇలాంటి మార్పులు డాక్టరే చేయాలి. పాత చీటీ ప్రకారం వేసుకుంటూ పోతే ప్రమాదం.

పదో రోజు చూపించుకుని, కుట్లు తీయించుకుని రైలెక్కాం. దాదాపు రెండు వందల కిలోమీటర్ల దారి. అరగంటకోసారి లేచి బోగీలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలని ఆజ్ఞ. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, ఒక్కో స్టేషన్‌కి ఒక్కో నడక. పార్వతీపురం దాటి కొండల మధ్యకి వచ్చాక మా ఆయన ఫోన్లో అలారం మోగింది. అది నడకకి కాదు, నీళ్లకి. ఉగ్గుగిన్నె తీసి నింపి ఇచ్చారు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ కాసేపు చూసి, "ఏటమ్మా, ఒళ్లు బాగోదా?" అని అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు. తన సంచిలోని మామిడిపళ్లు తీసి మా ఆయనకే ఇచ్చింది.

ఈ నీళ్ల లెక్క ఇంత కష్టమని నేను ఊహించలేదు. ఇలాంటి ఆపరేషన్ అంటే ఆకలితో పోరాటం అనుకుంటాం. నాకు మొదటి మూడు వారాలు ఆకలి అనేదే తెలియలేదు. పోరాటమంతా దాహంతోనే. రోజుకి కనీసం లీటరున్నర తాగాలి. కానీ ఒక గుక్క ఎక్కువ మింగితే రొమ్ము ఎముక వెనకాల రాయి పెట్టినట్టు ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు నేను ఎండలోంచి వచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగేదాన్ని. ఇప్పుడు పది నిమిషాలకొక ఉగ్గుగిన్నె. పది గంటలకి అరవై గిన్నెలు, 1800 మిల్లీలు. మధ్యలో నిద్ర పడితే, ఎవరైనా వస్తే, ఫోన్లో మాట్లాడితే లెక్క తప్పిపోతుంది. తప్పినదాన్ని సాయంత్రం ఒకేసారి పూడ్చుకోవడం కుదరదు, పొట్ట పట్టదు. స్ట్రా వాడొద్దన్నారు, గాలి లోపలికి పోతుందని. ఉగ్గుగిన్నె ముక్కులోంచి సన్నటి ధార నాలుక మీద పడుతుంది, గాలి రాదు. మా అమ్మ ఇదంతా ఆలోచించి తెచ్చిందని అనను. కానీ ఆ గిన్నె లేకపోతే ఆ వేసవి నేను దాటేదాన్ని కాదేమో.

రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ కూడా తప్పనిసరి. మన ఇళ్లలో చాలామంది పొరపడేది ఇక్కడే. ద్రవాహారం అనగానే అందరూ పెసరకట్టు, కందికట్టు, చారు తేట, కొబ్బరి నీళ్లు పంపిస్తారు. ప్రేమతోనే పంపిస్తారు. కానీ పప్పు తేటలో ప్రోటీన్ ఎంత ఉంటుందని? పప్పు గిన్నె అడుగునే ఉండిపోతుంది. నేను పాలు 300 మిల్లీలు, చిలికిన పెరుగు ఒక కప్పు, ప్రోటీన్ పౌడర్ ఒక చెంచా నిండుగా రెండు పూటలకి పంచుకునేదాన్ని. అన్నీ కలిపినా మొదట్లో 40 గ్రాములు దాటేది కాదు. మెత్తని ఆహారానికి వచ్చాక మా ఊరు నన్ను ఆదుకుంది. ఒడియావాళ్ల ఛెనా ఉందే, పాలు విరగ్గొట్టి వడగట్టినది, అంత మెత్తగా, అంత బలంగా ఉండే పదార్థం ఇంకోటి నాకు దొరకలేదు. పంచదార వేయని తాజా ఛెనా రోజూ అరవై గ్రాములు తెచ్చుకుని, పాలతో నలిపి తినేదాన్ని. దానికి తోడు డాల్మా. కందిపప్పులో ఆనపకాయ, గుమ్మడికాయ, పచ్చి అరటికాయ వేసి ఉడికించేదే. దాన్ని మిక్సీలో వేసి, నూనె లేకుండా. చోడి (రాగి) అంబలి కూడా తాగాను. అది నోటికి హాయి, కానీ ప్రోటీన్ లెక్కలోకి పెద్దగా రాదు.

ఇక నేను చేసిన తప్పు.

పదిహేడో రోజు. ద్రవాహారం అయిపోయి, మెత్తగా రుబ్బినవి మొదలుపెట్టి మూడు రోజులైంది. అప్పటికి హోటల్లోకి వెళ్లకూడదని మా ఆయన గట్టిగా చెప్పారు. పోపు వాసనకి కడుపులో తిప్పుతోందని నేనూ వెళ్లలేదు. ఆ రోజు పొద్దున సాంబారు ఎలా ఉందో చూడమని కుర్రాడు గిన్నెతో ఇంటికి తెచ్చాడు. పక్కనే రెండు ఇడ్లీలు. పదిహేనేళ్లుగా నా పని రుచి చూడటమే. ఉప్పు సరిపోయిందా, పిండి పులిసిందా, చట్నీలో కారం ఎక్కువైందా అని రోజూ పొద్దున నేను ఎంత తినేదాన్నో ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు. ఆ రోజు చెయ్యి దానంతటదే వెళ్లింది. సగం ఇడ్లీ. మెత్తనిదే కదా అనుకున్నాను. నాలుగైదు నములుళ్లతో మింగేశాను, వెంటనే పైన నీళ్లు తాగాను. ఆ రెండూ చేయకూడనివే. ఇడ్లీ నీటికి ఉబ్బుతుంది. తిన్నాక అరగంట దాకా నీళ్లు ముట్టకూడదు.

ఐదు నిమిషాల్లో గుండెల్లో బిగిసిపోయింది. నోట్లోంచి తెల్లగా జిగట నురగ, ఆగకుండా. తరవాత వాంతులు. ఆ రోజంతా, మర్నాడు కూడా. మంట వల్ల నీళ్లు తాగాలంటే భయం. రెండు రోజుల్లో కలిపి అరలీటరు కూడా దిగలేదు. జూన్ ఎండ. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు లేదు. మూడో రోజు పొద్దున మంచం మీంచి లేచేసరికి కళ్లు చీకట్లు కమ్మి గోడ పట్టుకున్నాను. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. పాప అది చూసి వాళ్ల నాన్నకి చెప్పింది. నేను చెప్పేదాన్ని కాదు. సగం ఇడ్లీ తిన్నానని చెప్పడానికి సిగ్గు.

ఊళ్లోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ వెంటనే గ్లూకోజ్ బాటిల్ పెట్టబోయారు. మా ఆయన విశాఖ డాక్టరుగారికి ఫోన్ కలిపి ఇచ్చారు, అది చాలా మంచిదైంది. వాంతులతో ఆహారం లేకుండా ఉన్నవాళ్లకి ముందు విటమిన్ బీ1 ఇంజెక్షన్, అదే థయమిన్, వేసి ఆ తరవాతే గ్లూకోజ్ పెట్టాలట. బీ1 లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి, నరాలకి దెబ్బ తగలొచ్చు. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కూడా కలిసి ఉందని అప్పుడే తెలిసింది. దాన్ని ఆపించారు. నొప్పికి ఇచ్చిన మాత్రల చీటీ కూడా చదివి వినిపించమన్నారు. మామూలు ఒళ్లు నొప్పుల మాత్రలు నా కుట్టు దగ్గర పుండు చేస్తాయని, పారాసిటమాల్ తప్ప ఏదీ వద్దన్నారు. రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఆపరేషన్ తరవాత మళ్లీ ఆసుపత్రిలో చేరేవాళ్లలో చాలామంది ఒంట్లో నీరు తగ్గిపోవడం వల్లే చేరతారని ఆయన చెప్పారు. ఇంటి దగ్గర దొరికే డాక్టరుకి చూపించడానికి ఏ ఆపరేషన్ జరిగింది, ఏ మందులు ఇవ్వకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఒక కాగితం మీద రాయించుకుని ఉంచుకోండి. మేం ఆ తరవాతే రాయించాం. ఇప్పుడది నా పర్సులోనే ఉంటుంది.

తిరిగి నాలుగు రోజులు ద్రవాహారమే. మళ్లీ మొదటి నుంచి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒడియావాళ్ల రొజొ పండుగ వచ్చింది. మాకు ఇక్కడ మన పండుగలూ వాళ్ల పండుగలూ రెండూ ఉంటాయి. జూన్ నడిమిలో మూడు రోజులు భూమాత రజస్వల అయిందని దున్నరు, తవ్వరు. ఆడవాళ్లు రుబ్బరు, వండరు. ఊయలలూగుతారు. పక్కింటి మావుసీ, అంటే ఒడియాలో పిన్ని, నాకు ఇరవై ఏళ్ల పరిచయం. రోజూ గుమ్మం దగ్గర నిలబడి "ఖాయిలు కి?" అంటుంది, తిన్నావా అని. అది ఇక్కడ పలకరింపే, జవాబు అక్కర్లేదు. కానీ ఆ నెల ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చేది. పండుగ నాడు పోడొ పిఠా తెచ్చింది. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి వేసి సన్నని సెగ మీద అడుగు మాడేలా కాల్చిన రొట్టె. దాని వాసనకి నా నోట్లో నీళ్లూరాయి. ఆకలి కాదు. పొట్ట ఖాళీగానే లేదు, పెరుగు తిని గంట కాలేదు. ఆ కోరిక అంతా తలలోదే. ఇంట్లో అందరూ ఒక్కసారి నా వైపు చూశారు.

మావుసీని లోపల కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఎంత కోశారు, ఎంత మిగిలింది, ఇడ్లీతో ఏమైంది. ఆవిడ పిఠాని మా పాప చేతికిచ్చి ఇంటికెళ్లింది. గంట తరవాత వెచ్చటి గిన్నెలో ఛెనాతో వచ్చింది. "రొజొ నాడు ఆడది పని చేయకూడదు. నువ్వు నెల రోజులు చేయకు" అని ఒడియాలో అంది. నిజానికి డాక్టర్ చెప్పింది కూడా అదే. ఆరు వారాలు ఐదు కిలోలకి మించి ఎత్తకూడదు. మా పిండి గిన్నె నిండితే పన్నెండు కిలోలు.

మూడో వారం నుంచి ఇంకో టెన్షన్ పట్టుకుంది. బరువు 101 దగ్గర ఆగిపోయింది. తొమ్మిది రోజులు అదే అంకె. ఇంత కోయించుకుని, ఇంత డబ్బు పెట్టి, తిండి మానేసి కూడా తగ్గడం లేదంటే ఇక నా ఒళ్లే ఇంత అనుకుని రాత్రిళ్లు పడుకోలేదు. ఫోన్ చేస్తే డైటీషియన్ నెమ్మదిగా చెప్పింది. మొదట వేగంగా పోయేదాంట్లో నీటి బరువు ఎక్కువ, తరవాత ఒళ్లు సర్దుకునే రోజులు కొన్ని చాలామందికి వస్తాయి, వారానికోసారి మాత్రమే తూకం చూసుకో అని. మిషన్ని అలమారా పైన పెట్టించాను. పదో రోజు పాప దించి తూస్తే 100.2.

రాత్రిళ్లు మాత్రం కష్టంగానే ఉండేవి. ఇరవై ఏళ్లు బాధగా ఉంటే తిన్నాను, సంతోషంగా ఉన్నా తిన్నాను. ఇప్పుడు చేతికి ఏమీ తోచేది కాదు. మా ఆయన హోటల్ కట్టేసి వచ్చాక ఇద్దరం వీధి చివరి దాకా నడిచేవాళ్లం. మొదట ఆ చివరి దాకా, తరవాత మజ్జి గౌరమ్మ గుడి దారి పట్టి కొంత దూరం. మోకాళ్లు ముందులా అరవడం లేదని ఒక రాత్రి సగం దారిలో గమనించి నిలబడిపోయాను. చెప్పబోతే గొంతు పూడుకుపోయింది. ఆయనకి అర్థమైంది.

జూలై 2న ఆరు వారాల చెకప్. 97 కిలోలు. రక్తపరీక్షలో ఐరన్ కొంచెం తక్కువ. మల్టీవిటమిన్, బీ12, కాల్షియం, విటమిన్ డీ ఇక జీవితాంతం. ఐరన్ మాత్రా కాల్షియం మాత్రా రెండు గంటల తేడాతో వేసుకోవాలి, లేకపోతే కాల్షియం ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వదు. పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలల మందు. మూడు నాలుగు నెలలకి జుట్టు రాలొచ్చని, భయపడొద్దని, ప్రోటీన్ మానొద్దని ముందే చెప్పారు. మామూలు తిండి మొదలుపెట్టొచ్చన్నారు.

జూలై 7 రథయాత్ర. రథం చూసి వచ్చాక ఇంట్లో ఇడ్లీ వేయించుకున్నాను. ఒక్కటి. చెంచా కొనతో గిల్లి, నోట్లో నీళ్లయ్యేదాకా నమిలి, సగం తినేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఉప్పు కొంచెం ఎక్కువైందని కుర్రాడికి చెప్పాను. మిగతా సగం పాప తినేసింది. గోడ గడియారం చూసుకుని అరగంట ఆగి, ఉగ్గుగిన్నెలో నీళ్లు పోసుకున్నాను.

తమ్ముడి కొడుక్కి శ్రావణంలో అన్నప్రాసన పెట్టుకున్నారు. ఉగ్గుగిన్నె ఎప్పుడు పంపిస్తావని అమ్మ ఫోన్ చేసింది. ముందు రోజు నేనే తెస్తానని చెప్పాను.